తప్పులతడక మాస్టారి లిఫ్టు

సోషల్ మాస్టారు తన జీవితంలో ఎవరితోనూ ఒక్క సంగతి సరిగ్గా చెప్పిన పాపాన పోలేదు. మాట ఏదైనా సరే, మనిషి ఎవరైనా సరే, ఆయన నోరు తెరిస్తే అందులోంచి ఒక తప్పు ఊడిపడాల్సిందే. అందుకని బడిపిల్లలు ఆయనకు తప్పులతడక మాస్టారని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు ఒకరోజు ఆయన చెవిన పడనే పడింది. కోప్పడతారేమోనని పిల్లలు బిక్కచచ్చిపోతే, ఆయన కళ్లజోడు సర్దుకుని, "అది లెక్కల మాస్టారి పేరు కదర్రా" అన్నారట. అదీ తప్పే.

ఆయన తప్పులకు చిన్నంతరం పెద్దంతరం లేదు. సెలూన్‌లో కుర్చీ ఎక్కగానే, "కత్తెర మొద్దుబారితే సబ్బునీళ్లలో నానబెడితే చాలు కదయ్యా" అంటారు. ఇక ఆ సెలూన్ అతను పని ఆపేసి, కత్తెరకు సాన పట్టడం దగ్గర మొదలుపెట్టి, తను ఈ విద్య ఎవరి దగ్గర ఎన్ని తిట్లు తిని నేర్చుకున్నాడో దాకా ఏకరువు పెడతాడు. ఆ ఊపులో కుడిచెవి పక్క జుట్టు ఒక పొడుగు, ఎడమచెవి పక్క జుట్టు ఇంకో పొడుగు. మాస్టారిని వెనకనుంచి చూసినా ఎవరైనా గుర్తుపట్టేస్తారంటే ఆ జుట్టు చలవే.

స్టాఫు రూములో లెక్కల మాస్టారు ఉన్నారు కదా, ఆయన మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండే మనిషి. సోషల్ మాస్టారు ఒకరోజు ఆయన పక్కన చేరి, "మీవాడు వయొలిన్ బాగా వాయిస్తున్నాడటగా" అన్నారు.

"వయొలినేంటి మాస్టారూ, వాడు ఈత కొడతాడు."

"అదేలెండి, ఈతే. ఊపిరి బిగబట్టుకుని ఆ ఒడ్డుదాకా వెళ్లి అక్కడ వదలాలట కదా."

లెక్కల మాస్టారు ఒంటికాలి మీద లేచారు. ఊపిరి ఎక్కడ పీల్చాలో, ఎక్కడ వదలాలో, తన కొడుకు పొద్దున్నే లేచి ఎంత కష్టపడుతున్నాడో, కిందటి పోటీలో రవ్వంతలో వెనకపడి ఇంటికొచ్చి దుప్పటి ముసుగేసుకుని ఎలా ఏడ్చాడో, గంట కొట్టేదాకా చెప్పారు. "ఏం మనిషండీ బాబూ, ఈయనకి ఒక్క ముక్క సరిగ్గా తెలిస్తే ఒట్టు" అని విసుక్కుంటూ లేచారు. విసుక్కున్న మనిషి క్లాసుకి ఈల వేసుకుంటూ వెళ్లడం మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

ఈ తప్పులతో నరాలు తెగిపోయింది కంప్యూటర్ మేడంకి. ఆవిడ ఆ ఏడే చేరింది. వయసులో చిన్నది, పనిలో మహా చురుకు, తప్పంటే మాత్రం అస్సలు పడదు. గోడమీద క్యాలెండరు ఒక పక్కకి ఒరిగితే ఆవిడకి ముద్ద దిగదు. కుర్చీ వంకరగా ఉంటే మాట్లాడుతూ మాట్లాడుతూనే కాలితో సరిచేస్తుంది. ఎవరైనా బల్లమీద కప్పు పెట్టి వెళితే దాని చెవి కుడివైపుకి తిప్పిగానీ ఊరుకోదు. పాపం, ఆవిడ కంప్యూటర్ గదికీ సోషల్ మాస్టారి ఎనిమిదో తరగతికీ మధ్య ఒకటే గోడ.

చేరిన కొత్తలో ఆవిడ స్టాఫు రూములో ఎవరితోనూ మాట్లాడేది కాదు. తలుపు పక్క కుర్చీలో కూర్చుని, డబ్బా తెరిచి, తిని, మూసి, వెళ్లిపోయేది. అలా కొన్నాళ్లు గడిచాక ఒక మధ్యాహ్నం సోషల్ మాస్టారు చేతిలో ఒక కాగితంతో కంప్యూటర్ గదిలోకి వచ్చారు. వచ్చి, ఆ కాగితాన్ని తెర మీద బోర్లించి, రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకుని నిలబడ్డారు.

"ఏం చేస్తున్నారు సార్?"

"ఈ పరీక్ష పేపరు లోపలికి ఎక్కిద్దామని అమ్మా. ఎంతసేపు అదమాలి?"

కంప్యూటర్ మేడం కాసేపు ఆయన్ని చూసింది, కాసేపు కాగితాన్ని చూసింది. తర్వాత పకపకా నవ్వింది. నవ్వి, కుర్చీ లాగి ఆయన్ని కూర్చోబెట్టి, మీటలు అంటే ఏమిటో, తెర అంటే ఏమిటో, అసలు తనకు ఈ యంత్రాల మీద చిన్నప్పుడు మోజు ఎలా పుట్టిందో, ఊపిరి తిరగనివ్వకుండా చెప్పింది. ఆయన మధ్యమధ్యలో, "ఆహా, అయితే కరెంటు పోతే అక్షరాలు కింద రాలిపోవన్నమాట" అంటూ విన్నారు. మర్నాడు స్టాఫు రూములో ఆ కాగితం కథ ఆవిడే అందరికీ అభినయించి చూపించింది. ఆ రోజునుంచి ఆవిడ నోటికి మూత పడలేదు.

ఒక్క విషయం మాత్రం ఆవిడకి అంతుపట్టేది కాదు. గోడ అవతలనుంచి మాస్టారి పాఠం వినిపిస్తుంది కదా. పాఠంలో ఆయన ఒక్క తేదీ తప్పేవారు కాదు, ఒక్క నది పేరు తడబడేవారు కాదు. గంట కొట్టి బయటికి రాగానే మళ్లీ మామూలే. బుర్ర మొత్తం పాఠానికే ఖర్చయిపోతుంది కాబోలు అని సరిపెట్టుకుంది.

అలా రోజులు గడుస్తుండగా పెద్ద మేడం, అంటే ప్రధానోపాధ్యాయురాలు, ఏదో శిక్షణకు వెళ్లి ఉత్సాహంతో తిరిగొచ్చారు. "బ్లాగులు, వికీలు. తరగతి గదిలో వాటిని అర్థవంతంగా వాడాలి. అర్థవంతంగా" అని ఒకటికి రెండుసార్లు చెప్పారు. ఆ అర్థం ఏమిటో శిక్షణలో చెప్పలేదట.

ముందు బ్లాగు తెరిచారు. బ్లాగంటే ఒకరు రాస్తారు, మిగతావాళ్లు కింద అభిప్రాయం చెబుతారు. లెక్కల మాస్టారు ఇంటి లెక్కలు అందులో పెట్టారు. కింద క్లాసు క్లాసంతా "ఓకే సార్" అని రాసింది, లెక్క ఒక్కరూ చేయలేదు. సైన్సు టీచరు పుస్తకం పేజీలకే ఫొటోలు తీసి ఎక్కించింది. పిల్లల చేతిలో ఉన్న పుస్తకాన్నే మళ్లీ తెర మీద చూపించడంలో అర్థం ఏమిటో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పెద్ద మేడం క్రమశిక్షణ మీద పెద్ద వ్యాసం రాస్తే కింద "సూపర్ మేడం" అని ఒకే ఒక్క అభిప్రాయం వచ్చింది. అది రాసింది సోషల్ మాస్టారు. వ్యాసం వ్యాయామం గురించి అనుకున్నారట.

వికీ సంగతి వేరు. అందులో పేజీ ఎవరైనా రాయొచ్చు, ఆ రాసింది ఎవరైనా దిద్దొచ్చు. "దిద్దడం కుదురుతుందా?" అని సోషల్ మాస్టారు కుర్చీలోంచి సగం లేచి అడిగారు. కుదురుతుందని కంప్యూటర్ మేడం చెప్పగానే, ఎనిమిదో తరగతి వికీ తనకిచ్చేయమని పట్టుబట్టి తీసుకున్నారు. 'మన చుట్టూ జరిగే పనులు' అని పేరు పెట్టి, పనికొక పేజీ చొప్పున, మొదటి రాత తనే రాశారు.

కంప్యూటర్ మేడం ఆ పేజీలు తెరిచి చూసి గుండె పట్టుకుంది. బస్సు పేజీలో, "డ్రైవరు పక్కనుండే అద్దాలు తల దువ్వుకోవడానికి" అని ఉంది. కుట్టుపని పేజీలో, "కొలతలు ఒకసారి తీసుకుంటే మనిషికి జీవితాంతం సరిపోతాయి." బట్టలుతికే పని పేజీలో, "ఎర్రవీ తెల్లవీ కలిపి నానబెడితే తెల్లవాటికి మెరుపొస్తుంది." రొట్టెల పని గురించి రాస్తూ, "బేకరీవాళ్లు పొద్దున్నే హాయిగా నిద్రలేచి పిండి కలుపుతారు" అన్నారు.

"సార్, ఇవన్నీ తప్పులు సార్."

"అలాగా? పిల్లలు చూసుకుంటార్లే అమ్మా."

పిల్లలు చూసుకున్నారు కూడా. వెనక బెంచీలో కూర్చునే బస్సు డ్రైవరు కొడుకు పరీక్షలో పేరు తప్ప ఏమీ రాసేవాడు కాదు. వాడు అద్దాల దగ్గర మొదలుపెట్టి, వాళ్ల నాన్న ఏ అద్దంలో ఏం చూస్తాడో, మలుపులో వెనక చక్రం ఎక్కడ తిరుగుతుందో, పేజీ పొడుగునా రాసి పడేశాడు. బేకరీవాళ్ల అమ్మాయి, "మా ఇంట్లో ఎవరూ హాయిగా నిద్రలేవరు" అని మొదలుపెట్టింది. ఉతికే పని పేజీ కింద ఇద్దరు పిల్లలు సబ్బు గురించి వాదించుకుని, ఇంటికెళ్లి పెద్దవాళ్లని అడిగొచ్చి, రాజీపడి మళ్లీ రాశారు. మాస్టారి అదృష్టం, ఆయన తప్పులు కూడా ఇలా పనికొస్తున్నాయి అనుకుంది కంప్యూటర్ మేడం.

చాలావరకు దిద్దారు గానీ కొన్ని తప్పులు మాత్రం అలాగే ఉండిపోయాయి. అందులో లిఫ్టు పేజీ ఒకటి. "తాడు తెగితే లిఫ్టు ధన్‌మని కింద పడుతుంది. సరిగ్గా నేలకు తగిలే క్షణంలో పైకి ఎగిరితే దెబ్బ తగలదు" అని రాసిపెట్టారు మాస్టారు. వారాల తరబడి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. గోడమీద వంకర క్యాలెండరులా అది కంప్యూటర్ మేడం కంట్లో పడుతూనే ఉంది.

ఆ తరగతిలో కిటికీ పక్కన ఒక అమ్మాయి కూర్చునేది. ఏడాది నడిమధ్యలో వచ్చి చేరింది. చేరిన నాటినుంచి ఎవరితోనూ మాట్లాడలేదు. హాజరు పలకడానికి కూడా చెయ్యెత్తేదే తప్ప పలికేది కాదు. అందరూ కిటికీ పిల్ల అనేవారు. కంప్యూటర్ పీరియడ్‌లో ఆ పిల్ల రోజూ ఆ లిఫ్టు పేజీయే తెరిచి, దాన్నే చూస్తూ కూర్చుని, గంట కొట్టగానే మూసేసేది. "ఒక్క పేజీ దగ్గరే ఎంతసేపమ్మా, పని చూసుకో" అని కంప్యూటర్ మేడం రెండుమూడుసార్లు మందలించింది కూడా.

ఇంతలో పిడుగులాంటి కబురు వచ్చింది. పైనుంచి ఒక అధికారిణి తనిఖీకి వస్తున్నారట. ఏ బడిలో బ్లాగులూ వికీలూ పిల్లలకు పనికొస్తున్నాయో చూసి, పనికిరానిచోట మూసేసి, కంప్యూటర్ టీచరుని కూడా తీసేస్తారట. కంప్యూటర్ మేడం ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించేది. వికీ ఉంటే ఆవిడ ఉంటుంది, లేకపోతే లేదు.

పెద్ద మేడం ఆవిడని గదిలోకి పిలిచి, "వికీలో ఒక్క తప్పు ఆవిడ కంట పడిందా, మన పరువు గంగలో కలుస్తుంది. తర్వాత నేనేం చేయలేను" అన్నారు.

కంప్యూటర్ మేడంకి ఇక కాలు నిలిస్తే ఒట్టు. కాలు కాలిన పిల్లిలా గదిలో ఆ మూలకీ ఈ మూలకీ తిరిగింది. మాస్టారికి చెబుదామని వెళితే ఆయన వరండాలో లైబ్రేరియన్‌తో, "పుస్తకాలు ఎండలో పెడితే పురుగులు పట్టి అక్షరాలు గట్టిపడతాయి కదండీ" అంటున్నారు. ఈయనకి చెప్పి ఏం లాభం అనుకుంది. ఆదివారం తన గదిలో తలుపేసుకుని కూర్చుని, మాస్టారి పేజీలన్నీ ఒక్కొక్కటే తెరిచి, మిగిలిన తప్పులన్నీ ఏరిపారేసింది. లిఫ్టు పేజీ కోసం ఎక్కడెక్కడో వెతికి, "లిఫ్టుకు ఒకటి కాదు, చాలా తాళ్లుంటాయి. అది మరీ వేగంగా జారితే బ్రేకులు పక్కనున్న పట్టాలను కరిచిపట్టుకుంటాయి" అని శుభ్రంగా రాసింది. ఎన్నాళ్లుగానో వంకరగా ఉన్న క్యాలెండర్లన్నీ ఒక్కసారే నిటారుగా నిలబడ్డట్టు అనిపించి, ఆ పూట కడుపునిండా తిన్నది.

సోమవారం పొద్దున తనిఖీ. మొదటి గంటకు ముందే సోషల్ మాస్టారు కంప్యూటర్ గదిలోకి గాలివానలా వచ్చిపడ్డారు. చొక్కా గుండీ ఒక కాజా తప్పి ఇంకోదాంట్లో ఉంది. తెరవైపు వేలు చూపిస్తూ, "లిఫ్టు కింద పడటం లేదేంటమ్మా?" అన్నారు.

"పడదు సార్. బ్రేకులు పట్టుకుంటాయి."

"పట్టుకుంటాయని నాకూ తెలుసు."

కంప్యూటర్ మేడం చేతిలో ఉన్న వైరు చేతిలోనే ఉండిపోయింది. ఆయనకి ఏదైనా తెలుసని ఆయన నోట వినడం ఆవిడకి అదే మొదలు.

"తెలిస్తే మరి అలా ఎందుకు రాశారు?"

"ఆ కిటికీ పిల్ల కోసం. బస్సు అద్దాలు ఆ వెనక బెంచీవాడి కోసం రాశాను. ఎర్ర బట్టలు వేరేవాళ్ల కోసం. ఎవరి తప్పు వాళ్లది. ఆ పిల్ల ఇంట్లో లిఫ్టులు బాగుచేసేవాళ్లున్నారమ్మా. చేర్పించడానికి వచ్చిన రోజే కనిపెట్టాను. నువ్వు మాట్లాడు అంటే మాట్లాడే పిల్ల కాదది. కళ్లముందు ఒక పచ్చి తప్పు కనబడుతుంటే ఎన్నాళ్లు ఊరుకుంటుంది, ఎవరైనా ఎన్నాళ్లు ఊరుకోగలరు? రోజూ ఆ పేజీ తెరిచి చూస్తోంది. శుక్రవారం మీటల మీద వేళ్లు కూడా పెట్టింది. నేను కిటికీలోంచి చూశాను. ఇవాళో రేపో దిద్దేది. ఈలోపు ఆ పిల్ల తప్పుని మీరు దిద్దేశారు."

కంప్యూటర్ మేడంకి తను మందలించినప్పుడల్లా ఆ పిల్ల తలదించుకుని పేజీ మూసేయడం గుర్తొచ్చి సిగ్గేసింది. "పాత రాత దాచి ఉంటుంది సార్. ఒక్క నిమిషంలో వెనక్కి తెచ్చేస్తాను" అంది.

"ఇప్పుడే గేటు దగ్గర ఫోన్లో చూపించుకుంటున్నారు పిల్లలు. మేడం అన్నీ దిద్దేశారట అని. ఇక నేను ఏ తప్పు రాసినా నమ్మరు. పెద్దవాళ్లు దిద్దుకుంటార్లే అని కూర్చుంటారు." ఆయన గదంతా ఒక చుట్టు తిరిగి ఆవిడ ఎదుట ఆగారు. "కొత్త తప్పు కావాలి. అది మీరే చేయాలి. మీరు తప్పు చేశారంటే ఈ బడిలో గోడలు కూడా లేచి నిలబడతాయి."

"నాకు రాదు సార్."

"వస్తుందమ్మా, ప్రయత్నించండి. లిఫ్టు గురించి ఏదో ఒకటి అనండి."

ఆవిడ కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించింది. "లిఫ్టు... పైకి వెళుతుంది."

"అది నిజం."

"లిఫ్టు ఆకుపచ్చగా ఉంటుంది."

"ఎక్కడో ఒకటి ఉండే ఉంటుంది. తప్పు అలా ఉండకూడదమ్మా. చూసినవాళ్లకి చెయ్యి దురదపెట్టాలి."

"లిఫ్టు గుడ్లు పెడుతుంది."

"అది తప్పు కాదు, పిచ్చి" అని మాస్టారు నుదురు కొట్టుకున్నారు. అప్పుడే గంట కొట్టారు, గేటు దగ్గర కారు ఆగింది.

అధికారిణి సన్నగా, పొడుగ్గా, ఎవరినీ చూసి నవ్వకుండా ఉన్నారు. ఎనిమిదో తరగతి మొత్తాన్ని కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టి, వికీని గోడమీద పెద్ద తెర మీద వేశారు. పెద్ద మేడం చేతులు నలుపుకుంటూ తలుపు దగ్గర నిలబడ్డారు. మాస్టారు ఒకచోట నిలబడలేక వెనక గోడ వెంట అటూ ఇటూ నడుస్తున్నారు. కిటికీ పిల్ల తెరవైపు కాకుండా బయటికి చూస్తూ కూర్చుంది.

అధికారిణి ఒక్కో పేజీ చూశారు. వంక పెట్టడానికి ఒక్క ముక్క దొరకలేదు. పెద్ద మేడం మొహం వెలిగింది. లిఫ్టు పేజీ చదివాక అధికారిణి కళ్లజోడు తీసి, "బాగుంది. కానీ ఇది పుస్తకంలో ఉన్నట్టే ఉంది. ఇందులో పిల్లలు చేసిందేముంది? పుస్తకమే చాలు కదా" అన్నారు.

పెద్ద మేడం మొహం ఆరిపోయింది. ఒక్క తప్పు కనబడినా పుట్టి మునుగుతుందని భయపడితే, ఒక్కటీ లేనందుకు మునిగేలా ఉంది. అందరూ కంప్యూటర్ మేడంవైపు చూశారు.

ఆవిడ మీటల ముందు కూర్చుంది. తప్పు కోసం బుర్రంతా గాలించింది. లిఫ్టు, తాళ్లు, బ్రేకులు, గుడ్లు. ఒక్కటీ చేతికి రాలేదు. ఇక ఉద్యోగం పోతే పోయింది, ఉన్నమాట చెప్పేద్దాం అనుకుంది.

"మేడం, ఈ పేజీ నేను రాశాను. నేను రాయకుండా ఉండాల్సింది. రాయాల్సినవాళ్లు వేరే ఉన్నారు" అంటూ, అంటున్నమాటే గబగబా తెర మీద కొట్టింది. "మా తరగతిలో ఒక అమ్మాయి తండ్రి లిఫ్టులు బాగుచేస్తారు. ఆయన్ని అడిగి ఈ పేజీ మళ్లీ రాయిస్తాం."

కిటికీ దగ్గర బెంచీ కిర్రుమంది. ఆ పిల్ల లేచింది. రెండు బెంచీల మధ్యనుంచి నడుచుకుంటూ వచ్చి కంప్యూటర్ మేడం పక్కన నిలబడింది. మేడం ఏమనుకోవాలో తెలియక కుర్చీ ఖాళీ చేసింది. పిల్ల కూర్చోకుండానే, 'తండ్రి' అన్న మాట చెరిపేసి, అక్కడ 'తల్లి' అని రాసింది.

"నాన్న కాదు మేడం. మా అమ్మ" అంది.

వెనక గోడ దగ్గర మాస్టారు నడక ఆగిపోయింది. తరగతిలో ఎవరో "అమ్మా?" అన్నారు, ఇంకెవరో "లిఫ్టు మీదికి ఎక్కుతుందా?" అన్నారు. పిల్ల జవాబు నోటితో చెప్పకుండా తెర మీదే రాయడం మొదలుపెట్టింది.

"ఎక్కుతుంది. పని మొదలుపెట్టే ముందు మా అమ్మ కరెంటు ఆపి, ఆ మీటకి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుంటుంది. ఎవరడిగినా ఇవ్వదు. నేనడిగినా ఇవ్వదు. తర్వాత లిఫ్టు పెట్టె మీదికి ఎక్కి, గుడ్డముక్కతో తాళ్లని తడుముతుంది. ఇనుప తీగ ఎక్కడైనా తెగి ఉంటే గుడ్డ చిక్కుకుంటుంది. కంటికి కనబడనిది గుడ్డకి తెలుస్తుంది."

అలా రాస్తూనే పోయింది. పిల్లలు బెంచీలు వదిలి చుట్టూ మూగారు. ఒకడు అడుగుతాడు, పిల్ల రాస్తుంది. వాడికి చాలకపోతే నోటితో చెబుతుంది. అధికారిణి ఎప్పుడు కుర్చీలోంచి లేచారో ఎవరూ చూడలేదు. పిల్లల వెనక నిలబడి, "నేనొకసారి లిఫ్టులో ఇరుక్కుపోయాను. భయమేసి తలుపు తెరవడానికి నానా తంటాలూ పడ్డాను" అన్నారు.

"తెరవకూడదు మేడం" అని పిల్ల గట్టిగా అంది. "లోపల ఉంటేనే క్షేమం. గంట నొక్కి కూర్చోవాలి. వస్తారు. మా అమ్మే వస్తుంది."

అధికారిణి మొహంలో మొదటిసారి నవ్వు కనబడింది. పెద్ద మేడంవైపు తిరిగి, "ఈ వికీ నడవనివ్వండి, ఈవిడని కూడా ఉండనివ్వండి. కానీ ఇలాంటి తప్పు ఈ ఒక్క పేజీలోనే ఉందేం? మిగతా పేజీల్లో లేవా?" అని అడిగారు.

పెద్ద మేడం నోరు తెరిచేలోపే వెనకనుంచి సోషల్ మాస్టారు, "ఉంటాయి మేడం. సాయంత్రానికల్లా పెట్టేస్తాం" అన్నారు.

కారు వెళ్లిపోయాక ఆయన కంప్యూటర్ మేడం దగ్గరికి వచ్చి, "అద్భుతమైన తప్పమ్మా. ఎలా తట్టింది?" అన్నారు.

"తట్టలేదు సార్. నిజంగానే నాన్న అనుకున్నాను."

మాస్టారు కాసేపు ఆవిడని మెచ్చుకోలుగా చూసి, "నాకిన్నేళ్లలో అలాంటిది ఒక్కటీ పడలేదు" అని నిట్టూర్చి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం పెద్ద మేడం మనసు కుదుటపడి, కంప్యూటర్ మేడంని కూర్చోబెట్టి టీ తెప్పించారు. మాటల్లో మాట వచ్చి, "ఎంతైనా ఆయనకి ఈ యంత్రాల మీద మమకారం పోదులే. ఈ బడికి మొదటి కంప్యూటర్ తెప్పించింది ఆయనే కదా" అన్నారు.

"ఎవరు?"

"సోషల్ మాస్టారు. మీ గదిలో ఆ వైర్లన్నీ ఆయన స్వయంగా లాగినవే. మీరు వచ్చేదాకా పిల్లలకి నేర్పిందీ ఆయనే. మీకు చెప్పలేదా?"

కంప్యూటర్ మేడం చేతిలో టీ చల్లారిపోయింది. తెర మీద బోర్లించిన కాగితం, దాన్ని అదిమిపట్టిన రెండు చేతులు, "ఎంతసేపు అదమాలి?" అని అమాయకంగా అడిగిన ఆ మొహం ఆవిడ కళ్లముందు కదిలాయి. ఆ కథని అభినయించి అందరినీ నవ్వించినప్పుడు, అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. ఆవిడకి ఒక పక్క నవ్వూ ఒక పక్క కోపమూ వచ్చాయి. అన్నిటికంటే ఎక్కువగా ఆయన మీద ప్రేమ ముంచుకొచ్చింది. వెంటనే వెళ్లి, మీ దొంగతనం బయటపడింది మాస్టారూ అని నిలదీద్దామని స్టాఫు రూముకి గబగబా నడిచింది.

స్టాఫు రూములో మాస్టారు టీ తాగుతూ, లెక్కల మాస్టారితో ఏదో తప్పు మాట్లాడుతున్నారు. లెక్కల మాస్టారు ఆవేశంగా చేతులాడిస్తూ గాల్లో ఈదుతున్నారు. తలుపు పక్క కుర్చీలో, ఒకప్పుడు తను కూర్చున్న కుర్చీలోనే, కిందటివారం చేరిన డ్రాయింగ్ మేడం తలవంచుకుని తన డబ్బా మూత పెడుతోంది. ఆవిడ ఇంతవరకు ఎవరితోనూ మాట్లాడిన పాపాన పోలేదు.

కంప్యూటర్ మేడం మాస్టారి దగ్గరికి వెళ్లబోయి ఆగింది. వెనక్కి తిరిగి, తలుపు పక్క కుర్చీకి ఎదురుగా ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ కుర్చీ కాస్త వంకరగా ఉంది, ఉండనిచ్చింది.

"ఏమండీ, చిన్న అనుమానం. పసుపూ నీలమూ కలిపితే ఎరుపు వస్తుంది కదా?"

డ్రాయింగ్ మేడం తలెత్తింది. డబ్బా పక్కన పెట్టింది. "ఎరుపెలా వస్తుందండీ?" అంటూ కుర్చీ ముందుకి జరుపుకుంది.

అవతల సోషల్ మాస్టారు ఇటు చూడలేదు. కప్పులో టీ మాత్రం ఒలికి, ఆయన చొక్కా మీద పడింది.